వాడిక బిళ్ళ

చప్పుడుకు నిద్ర లేచేవాళ్ళు ఊరంతా ఉంటారు. చప్పుడు ఆగితే లేచే మనిషి నరసన్నపేట గానుగల వీధిలో ఒక్కతే ఉండేది. పేరు కూర్మమ్మ.

ఆమె భర్త అప్పలసూరి వేగుచుక్క పొడవకముందే ఎద్దు కళ్ళకు గంతలు కట్టి గానుగ కాడికి కట్టేవాడు. వాకిట్లో పాక, పాకలో కర్ర గానుగ. రోట్లో నువ్వులు, రోట్లో నిలబడ్డ రోకలి, దాన్ని తిప్పుతూ ఎద్దు. కిర్రుమని ఒక చుట్టు. కిర్రుమని ఇంకో చుట్టు. లోపల గదిలో కూర్మమ్మ ఆ కిర్రుమీద నిద్రపోయేది. కాడి జారినా, పిండి బిగిసి ఎద్దు నిలబడిపోయినా ఆమెకు కళ్ళు తెరుచుకునేవి. అప్పలసూరి పిలవవలసిన పని లేదు. అతను ఎద్దు మూపుమీద చెయ్యి వేసి నిలబడేసరికి, జుట్టు ముడి వేసుకుంటూ ఆమె గుమ్మంలో ఉండేది.

ఇంకో సంగతి కూడా ఉంది. నిద్రలో ఎవరు పిలిచినా ఆమె "ఊఁ" అనేది. లేచేది కాదు. మెలకువ వచ్చేది కాదు. పిలుపుకు జవాబు మాత్రం వచ్చేది. కూతురు నీలవేణి చిన్నప్పుడు దాన్ని ఆటగా ఆడుకునేది. పక్కలో పడుకుని "అమ్మా" అనేది. "ఊఁ." మళ్ళీ "అమ్మా". "ఊఁ." ఇరవైసార్లు, ముప్ఫైసార్లు. ఆ ఊఁ వింటూ వింటూ పిల్ల నిద్రపోయేది. తెల్లవారి అడిగితే కూర్మమ్మకు ఒక్క పిలుపూ గుర్తుండేది కాదు.

ఈ నిద్ర ఆమెకు పుట్టింటి సొత్తు. పుట్టిల్లు కళింగపట్నం. సముద్రం ఒడ్డు గిడ్డంగుల వెనక ఆమె తండ్రి గానుగ ఆడేది. ఆ రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడితే, పడవలమీద నువ్వులూ వేరుశనగా మోసుకుపోయేవారు. ఒకవైపు కెరటం, ఒకవైపు గానుగ. దీపస్తంభం వెలుగు గోడమీదికి వచ్చేది, పోయేది. కూర్మమ్మ గోనెసంచుల మీద పడుకుని ఆ మూడింటిలో ఏది ఏదో తెలియకుండా నిద్రలోకి జారేది. తండ్రి సాయంత్రం మిరియపుగింజంత నల్లమందు వేసుకునేవాడు. అది పడితేగాని అతనికి కాడి పట్టే ఓపిక వచ్చేది కాదు. ఆ చిన్న డబ్బా మూత తీసి అతని చేతికి అందించే పని కూర్మమ్మది. అందులో తప్పుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. తండ్రి డబ్బా అందించిన చెయ్యి అని ఆమె తన కుడిచేతిని చాలా ఏళ్ళు ముద్దుగా తలుచుకుంది.

ఆ వైపు వాడిక అనే మాట ఒకటుంది. పాల వాడిక, నూనె వాడిక, చాకలి వాడిక. ఒక ఇంటికి వాడిక కుదిరిందంటే అది ఏ రోజు బేరం ఆ రోజుది కాదు. ఇచ్చేవాళ్ళు మానరు. పుచ్చుకునేవాళ్ళు వద్దనరు. వాన పడనీ, ఇంట్లో పీనుగు లేవనీ, వేళకు పాత్ర గుమ్మం దగ్గరికి వస్తుంది. గేదె ఒట్టిపోతే తప్ప పాల వాడిక ఆగదు. ఊరికే ఆపితే అది అవమానం. వాడిక మాన్పించినందుకు పదేళ్ళు ముఖాలు చూసుకోని ఇళ్ళు గానుగల వీధిలోనే రెండున్నాయి.

కూర్మమ్మకు పదహారు ఇళ్ళ నూనె వాడిక ఉండేది. వాటిలో కాంపౌండరు వెంకటరావు ఇల్లు ఒకటి. బజారులో పెద్ద డాక్టరు గారి దగ్గర పనిచేసే మనిషి. సన్నగా, వంగి నడుస్తాడు. అతనికి పెళ్ళయిన నెలనుంచి ఆ ఇంటికి నువ్వులనూనె కూర్మమ్మే పోసింది.

పెద్దరోడ్డు పక్క ఇంజను మిల్లు వచ్చిన రెండేళ్ళలో వీధిలో గానుగలు ఒకటొకటిగా ఆగిపోయాయి. కొందరు రోకలి చీల్చి పొయ్యిలో పెట్టుకున్నారు. అప్పలసూరిది చివరిదాకా ఆడింది. పందొమ్మిదివందల అరవై ఆరు కార్తీకంలో ఒక మధ్యాహ్నం అతను ఎద్దుకు నీళ్ళు పెట్టి, పాక గుంజకు ఆనుకుని కూర్చుని, అలాగే వెళ్ళిపోయాడు. ఎద్దును కూర్మమ్మ అన్న తోలుకుపోయాడు. గానుగ మాత్రం పాకలో నిలబడే ఉంది.

ఆమె వాడికలు మానలేదు. మిల్లు నుంచి నూనె తెచ్చి అవే పదహారు ఇళ్ళకు పోసింది. గానుగ నూనె కాదని ముందే చెప్పింది. ఎవరూ వద్దనలేదు.

ఆమెను విడిచి నిద్రే పోయింది.

మొదట అందరూ దుఃఖం అన్నారు. పెద్దకర్మ అయింది, నెల అయింది, మూడు నెలలు అయింది. ఎదురింటి జగ్గమ్మ అరికాళ్ళకు ఆముదం రాసింది. గసగసాలు నూరి పాలలో పోసి తాగించింది. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, వరసకు వదినలు. వెలిగిన కొస నోట్లోపల పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఇద్దరికీ ఉంది. అరుగుమీద కూర్చుని పొగ వదులుతూ కూర్మమ్మ తన బాధ ఒకే ఒక్కసారి చెప్పింది.

"ఎద్దు ఆగిపోయినట్టే ఉంటాది వదినా. లెగాలి లెగాలి అనిపిస్తాది. లెగిస్తే ఏటుంది? ఏటీ నేదు."

రోజుకు రెండు చుట్టలు అయిదయ్యాయి. పెద్దరోడ్డు మీద లారీల మోత వింటే నిద్ర వస్తుందేమోనని ఆమె కొన్నాళ్ళు పడక వీధివైపు వేసి చూసింది. లారీ వస్తుంది, పోతుంది. తిరిగి తిరిగి అక్కడికే రాదు.

చివరికి జగ్గమ్మే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పెద్ద డాక్టరు నాడి చూశారు, కళ్ళు చూశారు. ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగారు. నిద్రబిళ్ళలు పది రాశారు. రోజుకొకటి వాడు, పదిరోజులు చాలు, అన్నారు. వెంకటరావు లెక్కపెట్టి కాగితంలో మడిచి ఇచ్చాడు.

మర్నాడు పొద్దెక్కి లేచి కూర్మమ్మ ఏడ్చింది. నిద్రపోయినందుకు.

పదకొండో రోజు ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. నూనె పోయడానికి వెళ్ళినట్టే వెంకటరావు ఇంటి పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. నూనె పోసి, కొంగులోంచి ఆ మడతల కాగితమే తీసి, ఖాళీ గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుంది. వాడమన్నారు కదా, వాడిక కట్టించు బావూ, అంది.

ఆ మాటలో వెంకటరావుకు పొరపాటేమీ వినబడలేదు. అతనూ ఆ ఊరి మనిషే. "వాడు" అన్న మాటా "వాడిక" అన్న మాటా అతని చెవిలోనూ ఒకటిగానే మోగాయి. ఎలాగూ డాక్టరు గారిని అడిగినా మళ్ళీ రాస్తారనుకున్నాడు. సంతరోజు సంతరోజుకూ ఏడు బిళ్ళలు మడిచి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆమె పెరట్లో కాసిన మునగకాడలు పట్టుకుని వచ్చేది. పొట్లం పుచ్చుకుని పోయేది. నడుమ మాట ఉండేది కాదు.

ఏడాది తిరిగేసరికి ఒకటి రెండయింది. ఒక బిళ్ళకు రావడం మానిన నిద్రను రెండోది తెచ్చింది. తరవాత మూడు. రెండుకు మించి వెంకటరావు ఇవ్వనన్నాడు కనుక, మూడోదానికోసం ఆమె నెలకోసారి బస్సెక్కి శ్రీకాకుళం పోయేది. అక్కడ ఒక మందుల కొట్లో పాత చీటీ చూపిస్తే ఇచ్చేవాడు. చీటీ మీద అక్షరాలు చెమటకు సగం చెరిగిపోయాయి. ఈ ప్రయాణం సంగతి జగ్గమ్మకు కూడా చెప్పలేదు. జీవితంలో ఆమె దాచిన మొదటి సంగతి అది.

వెంకటరావు ఒకసారి అన్నాడు, ఇంక తగ్గించి చూడరాదా అని. కూర్మమ్మ తలెత్తి చూసింది.

"ఇరవయ్యేళ్ళ వాడిక బావూ. నూనె ఏనాడైనా తప్పినానా?"

అతను పొట్లం మడిచి ఇచ్చాడు.

బిళ్ళ నిద్ర ఆమె ఎరిగిన నిద్ర కాదు. బావిలో రాయి వేసినట్టు పడిపోయేది. పొద్దున ఎవరో తాడేసి లాగినట్టు పైకి వచ్చేది. మధ్యలో కల లేదు. అప్పలసూరి పోయిన కొత్తలో, కునుకు పట్టిన కాస్సేపట్లోనూ, అతను కలలోకి వచ్చి ఎద్దు మూపుమీద చెయ్యి వేసి నిలబడేవాడు. ఇప్పుడు అదీ లేదు. పగలు కూడా తలలో మసక. అన్నం మాడేది. వాడిక ఇళ్ళలో ఒక ఇంటికి రెండుసార్లు పోసి ఇంకో ఇల్లు మరిచేది. నడిస్తే గోడ పట్టుకోవాలనిపించేది. వయసనుకుంది. అప్పటికి ఆమెకు యాభై.

అరవై తొమ్మిది మాఘంలో నీలవేణి తొలిచూలుకు పుట్టింటికి వచ్చింది. ఎచ్చెర్ల దగ్గరి పల్లెలో ఆమె అత్తవారిది వ్యవసాయం. ఏడో నెల. వచ్చిన రోజు పడుకోబోతూ, చిన్నప్పటి అలవాటు గుర్తొచ్చి నవ్వుకుంటూ, "అమ్మా" అంది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. అలిసిపోయిందనుకుని ఊరుకుంది.

పదిరోజుల తరవాత తెల్లవారుజామున ఆమెకు నడుములో నొప్పి వచ్చింది. పిలిచింది. భుజం పట్టి ఊపింది. తల్లి ముఖంమీద నీళ్ళు చల్లింది. కూర్మమ్మ తల అటు వాలి, ఇటు వాలింది. నీలవేణి గోడ పట్టుకుని వీధిలోకి నడిచి జగ్గమ్మ తలుపు కొట్టింది.

అవి పురిటినొప్పులు కావు. వాము కషాయం తాగాక తగ్గాయి. కానీ పొద్దెక్కాక కూర్మమ్మ లేచి వచ్చేసరికి వాకిట్లో కూతురూ జగ్గమ్మా కూర్చుని ఉన్నారు.  కూర్మమ్మకు నుదురుమీద తడి తెలిసింది. చేత్తో తుడుచుకుని చూసుకుంది.

"నాను పిలిసేను," అంది నీలవేణి. "నువ్వు పలకనేదమ్మా."

ఆ మాట ఆమె కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే కూర్మమ్మ ఎదురుచెప్పి ఉండేది.

కాస్సేపటికి నీలవేణి రెండో మాట చెప్పింది. ఇక్కడ తనకు భయంగా ఉందనీ, అత్తవారింట్లోనే పురుడు పోసుకుంటాననీ. తొలిచూలు పుట్టింట్లో కాకపోతే జనం ఏమంటారో ఆ ముగ్గురికీ తెలుసు. తల్లి లేనివాళ్ళకే అలా జరుగుతుంది.

జగ్గమ్మ చుట్ట ఆర్పి పక్కన పెట్టింది. "ఒసే కూర్మీ, పీనుగైనా కొంచెం కదుల్తాది. ఏటి తింతన్నావే నువ్వు?"

ఆ రోజు కూర్మమ్మ బియ్యపు డబ్బాలోంచి వెంకటరావు పొట్లమూ, దేవుడి పటం వెనకనుంచి శ్రీకాకుళం పొట్లమూ తీసింది. రెండూ పొయ్యిలో వేసింది. నీలవేణి చూస్తుండగా వేసింది. ఒట్టు, ఇంక ముట్టను, పురుడు ఈ ఇంట్లోనే, అంది.

ఒకరోజు గడిచింది. రెండో రోజుకు చేతులు వణికాయి. నూనె కొలిచే గరిటె నిలవలేదు. చీర తడిసేటంత చెమట. మూడోనాడు పట్టపగలు ఆమె పాకవైపు చూసి, ఎద్దుకు గంతలు ఎవరు విప్పారని నీలవేణిని అడిగింది. పాకలో ఎద్దు లేదు. కూర్మమ్మ మాత్రం వింటోంది. కిర్రుమని ఒక చుట్టు. కిర్రుమని ఇంకో చుట్టు. ముఖం విప్పారింది. ఆ చప్పుడువైపు నాలుగడుగులు వేసి, గానుగ పక్కన కట్టెలా బిగుసుకుని పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నోట నురగ వచ్చింది.

జగ్గమ్మ అమ్మవారు పూనిందనుకుంది. పసుపునీళ్ళు, వేపమండలు తెచ్చింది. ఎవరివమ్మా నువ్వు, ఏటి కావాలి, అని చేతులు జోడించి అడిగింది. వీధిలో ఆడవాళ్ళు కొబ్బరికాయలకు పరిగెత్తారు. ఆ రోజు వాడిక నూనె రాలేదని, ఇరవయ్యేళ్ళలో మొదటిసారి రాలేదని, భార్య చెబితే చూడడానికి వచ్చాడు వెంకటరావు. గుంపును తోసుకుని లోపలికి వచ్చి కూర్మమ్మ కళ్ళ రెప్పలు ఎత్తి చూశాడు. బిళ్ళలెక్కడ అని నీలవేణిని అడిగాడు. ఆమె పొయ్యి చూపించింది. అతను అక్కడే చతికిలబడి, వెంటనే లేచి, జట్కా పిలిపించాడు.

పెద్ద డాక్టరు చూపు మందగించి ఆరు నెలల కిందటే విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలో విజయనగరంనుంచి వచ్చిన కుర్ర డాక్టరు ఉన్నాడు. ఇంజక్షను ఇచ్చాడు. సాయంత్రానికి కూర్మమ్మకు తెలివి వచ్చింది. అప్పుడు అతను స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కొక్కటే అడిగాడు. నిద్ర పట్టకపోవడం ఎప్పటినుంచి? ఇంట్లో ఇంకెవరున్నారు? పొగ తాగుతావా, రోజుకెన్ని? మనసు దిగులుగా ఉంటుందా? ఇంకెక్కడైనా బిళ్ళలు కొన్నావా? ఒకటి చాలక రెండోది వేసుకున్నది ఎన్నాళ్ళకి? ఎవరికీ చెప్పకుండా దాచావా? మీ నాన్నకు ఏదైనా అలవాటు ఉండేదా?

కూర్మమ్మ జగ్గమ్మవైపు తిరిగింది. "సంబందానికొచ్చినోడిలాగ అడుగుతన్నాడేటే ఈ బావు?"

"గోత్రం ఒక్కటే మిగిలింది," అంది జగ్గమ్మ. "సెప్పీ."

కూర్మమ్మ చెప్పింది. శ్రీకాకుళం బస్సు సంగతి చెప్పింది. మిరియపుగింజంత నల్లమందు సంగతి చెప్పింది. ఆ చిన్న డబ్బా చెబుతున్నప్పుడు ఆమె గొంతులో మురిపెం ఉంది. డాక్టరు అక్కడ రాయడం ఆపి ఆమెను చూశాడు.

తరవాత అతను వెంకటరావును బయటికి పిలిచాడు. బిళ్ళ చెడ్డది కాదన్నాడు. పది రోజులకు రాసినది పది రోజులు వాడితే చాలామంది మామూలుగా బయటపడతారు. కానీ కొందరికి అది గుమ్మంలో నిలబడదు, లోపలికి వచ్చి కూర్చుంటుంది. భర్త పోయిన మనిషి, ఒంటరి మనిషి, ఏళ్ళ తరబడి పొగ తాగే మనిషి, తండ్రికి నల్లమందు అలవాటున్న మనిషి. ఇన్నీ ఒక్కరిలోనే ఉన్నాయి. ముందే ఈ నాలుగు ముక్కలూ అడిగి ఉంటే రెండో పొట్లం దగ్గరే ఎవరైనా ఆలోచించేవారు. ఇప్పుడు ఒక్కసారిగా మానేయడం ఇంకా ప్రమాదం. ఈసారి ఫిట్సు వస్తే ప్రాణం పోవచ్చు.

ఎన్నాళ్ళు ఇచ్చావు, అని అడిగాడు.

వెంకటరావు పాదాలు చూసుకున్నాడు. "వాడిక సార్," అన్నాడు. విజయనగరం డాక్టరుకు ఆ మాట అర్థమయిందో లేదో.  కాగితంమీద తగ్గించవలసిన వరస రాసి ఇచ్చాడు. పది వారాలు.

మర్నాడు వెంకటరావు కూర్మమ్మ ఇంటికి వచ్చాడు. కూతురి ముందు చేసిన ఒట్టు తప్పనని, బిళ్ళ మళ్ళీ ముట్టనని ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వేసుకోకపోతే చచ్చిపోతావని నీలవేణి ఏడుస్తోంది. వేసుకుంటే నువ్వెళ్ళిపోతావంటోంది తల్లి. వెంకటరావు కొంతసేపు పాక గుంజ దగ్గర నిలబడి గానుగను చూశాడు. లోపలికి వచ్చి నేలమీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో అతను కూర్చోవడం అదే మొదలు. అక్కను పిలిచినట్టు పిలిచాడు.

"అప్పా, వాడిక మానీమని నేననడం నేదు. గేదె ఒట్టిపోతన్నాది. అంతే."

కూర్మమ్మ కదలలేదు.

"ఇవాళ సేరు ఇస్తాది. వారం పోతే ముప్పావుసేరు. తరవాత అరసేరు. ఇంకా తరవాత సోలెడు. ఒక పొద్దు పొదుగు కింద సెంబు పెడితే ఏటీ రాదు. అప్పుడు వాడిక మాన్పించినామని నన్ను నువ్వంటావా, నిన్ను నేనంటానా?"

ఆమె ఇటు తిరిగింది.

"ఒట్టిపోతే ఎవలేటి సేస్తాం బావూ," అంది.

ఆ పది వారాలూ వెంకటరావు రోజూ పొద్దున్నే వచ్చాడు. పొట్లం కూర్మమ్మ చేతికి ఇవ్వలేదు, నీలవేణికి ఇచ్చాడు. ఆమె పసుపు భరిణెలో పెట్టి మొలలో దోపుకునేది. బిళ్ళను బ్లేడుతో ముక్కలు చేసేటప్పుడు అతను కళ్ళజోడు పెట్టుకునేవాడు. ఇవాళ పొదుగు ఎలాగుంది, అని కూర్మమ్మ అడిగేది. బిగిసింది, అనేవాడు. నవ్వేవాళ్ళు కాదు. అది వాళ్ళిద్దరికీ నవ్వులాట కాదు.

బిళ్ళ తగ్గినకొద్దీ రాత్రులు పొడుగయ్యాయి. ఆ రాత్రుల గురించి ఆమె తరవాత ఎవరికీ చెప్పలేదు. పగలు మాత్రం తల కొంచెం కొంచెంగా తేటపడింది, ముసురు విడిచినట్టు. మునగపువ్వు వాసన తెలిసింది. పదహారు ఇళ్ళూ వరసలో గుర్తొచ్చాయి. ఒక మధ్యాహ్నం కునుకులో అప్పలసూరి కనబడ్డాడు. ఎద్దు మూపుమీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఆమె లేచి కూర్చుని, చీకట్లో పోయిన వస్తువు దొరికినట్టు, ఆ కల సంగతి జగ్గమ్మకు చెప్పడానికి వీధి దాటి వెళ్ళింది.

ఏడో వారం నడుస్తుండగా, పావు బిళ్ళమీద ఉండగా, నీలవేణికి నొప్పులు వచ్చాయి. ఇంకా చుక్కలున్నాయి. "అమ్మా" అంది, పెద్దగా కాదు.

"ఇక్కడే ఉన్నాను గుంటా."

ఆ జవాబు గుమ్మం దగ్గరనుంచి వచ్చింది. కూర్మమ్మ అప్పటికే జుట్టు ముడి వేసుకుంటోంది. పొయ్యిమీద నీళ్ళు కాగుతున్నాయి. మంత్రసానికి కబురు వెళ్ళింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. వీధిలో అందరికీ ఆ సంగతి జగ్గమ్మే చెప్పింది. పురుడు పుట్టింట్లోనే అయిందని రెండుసార్లు చెప్పింది.

కూర్మమ్మకు మాత్రం ఒకటి తెలుసు. ఆ వేళ తను పలికింది నిద్ర లేక. మెలకువగా ఉన్నవాళ్ళెవరైనా పలుకుతారు. ఆ మాట ఆమె పైకి అనలేదు. నీలవేణి కూడా అనలేదు.

పదో వారం చివర ఒక సంతరోజు వెంకటరావు పొట్లం ఈసారి కూర్మమ్మ చేతికే ఇచ్చాడు. ఆమె విప్పింది. మడతలు విప్పితే మడతలు. లోపల ఏమీ లేదు. తెల్ల కాగితం. ఆమె దాన్ని మళ్ళీ ఆ మడతల్లోనే మడిచి, లోపలికి వెళ్ళి, మునగకాడల కట్ట తెచ్చి ఇచ్చింది. నూనె రేపు తెస్తానంది. అతను సరేనన్నాడు.

నిద్ర వెంటనే రాలేదు. జ్యేష్ఠం పోయింది. ఆషాఢంలో ఒకరోజు మధ్యాహ్నం చినుకులు పడుతున్నాయి. పాకలో గానుగ పక్కనే, దూలానికి తాళ్ళు వేసి ఉయ్యాల కట్టారు. నీలవేణి గుంజకు ఆనుకుని కూర్చుని తాడు లాగుతోంది. దూలం పాతది. తాడు పోయినప్పుడు ఒక కిర్రు, వచ్చినప్పుడు ఒక కిర్రు. కూర్మమ్మ చాపమీద ఒత్తిగిలి, మనవరాలికి ఏ పేరు పెడతారో అడుగుతోంది. అత్తవారు కన్యాకుమారి అంటున్నారని నీలవేణి చెప్పింది. బాగుందంది కూర్మమ్మ. ఇంకా ఏదో అనబోయింది. ఆ మాట సగంలో ఆగిపోయింది.

నీలవేణి తిరిగి చూసింది. తల్లి నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చెయ్యి చెంపకింద ఉంది. ఊపిరి మెల్లగా వస్తోంది, పోతోంది.

ఆమె తల్లివైపు జరిగింది. వంగి, చినుకుల చప్పుడుకన్నా చిన్న గొంతుతో పిలిచింది.

"అమ్మా."

"ఊఁ."

కళ్ళు తెరుచుకోలేదు. చెయ్యి కదలలేదు.

ఉయ్యాలలో బిడ్డ ఎప్పుడో నిద్రపోయింది. తాడు వదిలేసి లేవవచ్చు, పొయ్యిమీద పనుంది. నీలవేణి లేవలేదు. చప్పుడు ఆగితే లేచే మనిషి పక్కన ఉంది. ఆమె తాడు లాగుతూనే ఉంది.